చచ్చినోని పెండ్లాం ఏమైంది?

రౌడీ సినిమా విడుదలైన ప్రతిసారీ థియేటరు గేటు దగ్గర రెండే అభిప్రాయాలు వినబడతాయి. ఒకటి, ‘చాలా నేచురల్‌గా ఉంది’. రెండోది, ‘ఫ్యామిలీతో చూడలేం’. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధమని మన సమీక్షకుల నమ్మకం. నేనలా అనుకోను. రెండూ ఒకే నోట్లోంచి వచ్చిన మాటలు. ఆ నోరు మగవాడిది.

2019 మే 31న వచ్చిన ‘ఫలక్‌నుమా దాస్’నే తీసుకుందాం. లిజో జోస్ పెల్లిస్సెరి 2017లో మలయాళంలో తీసిన ‘అంగమాలి డైరీస్’కి ఇది తెలుగు రూపం. విశ్వక్ సేన్ తనే దర్శకుడు, తనే హీరో. పెద్ద తారలు లేరు, పెద్ద ఖర్చు లేదు. పాతబస్తీ గల్లీలు, మటన్ వ్యాపారం, దోస్తులు, గ్యాంగులు. మెచ్చుకున్నవాళ్లు హైదరాబాదు యాసని, సహజత్వాన్ని మెచ్చుకున్నారు. నచ్చనివాళ్లు బూతుల్ని ఎత్తిచూపారు. చర్చ అక్కడితో సరి.

తెలంగాణ భాషని దశాబ్దాలపాటు రౌడీలకీ హాస్యగాళ్లకీ అంటగట్టిన తెలుగు సినిమాలో అదే భాషని హీరో మాట్లాడటం, ఈ నేల మీద పుట్టినదాన్ని కనుక నాకూ సంతోషమే. కానీ ఆ బూతులు ఎవరి శరీరాల మీదివి? అమ్మ, అక్క, చెల్లె. ఇద్దరు మగవాళ్లు తిట్టుకోవాలన్నా మధ్యలో ఒక ఆడదాని శరీరం కావాలి. దాన్ని ఒకరు ‘సహజం’ అంటారు. ఇంకొకరు ‘ఆడవాళ్ల పక్కన కూర్చుని వినలేం’ అంటారు. అంటే తిట్టు ఉండవచ్చు, మనం మాత్రం వినకూడదు! ‘ఫ్యామిలీ’ అన్న ఒక్క మాట వెనక మనల్నందర్నీ దాచేస్తే, ఇక మన అభిప్రాయం అడగాల్సిన అవసరమే రాదు.

మరి ఆడవాళ్లు ఈ సినిమాలు చూడరా? ఎందుకు చూడరు! కామారెడ్డి జిల్లాలో, మా మహమ్మద్‌నగర్, ఎల్లారెడ్డి వైపు ఊళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని టీవీ ముందు కూర్చుంటారు. చూపు సగం తునికాకు మీద, సగం తెర మీద. కార్ఖానాకి లెక్క అప్పజెప్పాలి కాబట్టి చేయి మాత్రం ఆగదు. ఈ సినిమా నడుస్తున్నప్పుడు వాళ్ల మధ్య కూర్చుని నేను విన్న మాటలివి.

“అందరు కొట్టుకుంటనే ఉన్నరు. గాళ్ల ఇండ్లల్ల తిండి ఎవలు వెడుతున్నరు?”

“చచ్చినోని పెండ్లాం ఏమైంది? గా రాజీ పైసలు ఆమె చేతికచ్చినయా?”

కథ తెలిసినవాళ్లకి ఈ రెండో ప్రశ్న బరువు తెలుస్తుంది. హీరో చేతిలో ఒక మనిషి అనుకోకుండా చస్తాడు. అక్కణ్నుంచి కథంతా రాజీకి కావలసిన డబ్బు చుట్టూ తిరుగుతుంది. ప్రాణానికి ధర కట్టేది మగవాళ్లు, బేరమాడేది మగవాళ్లు. ఆ డబ్బు ఎవరికి చెందాలన్న ప్రశ్న నేను చదివిన ఏ సమీక్షలోనూ లేదు. దీన్ని అమాయకపు సందేహమని తోసిపుచ్చే పండితులుంటారు. నేను దీన్ని విమర్శ అంటాను. కథ ఎక్కడ ఆగాలో నిర్ణయించే అధికారాన్ని ప్రశ్నించడం కన్నా పెద్ద విమర్శ ఏముంటుంది?

ఆ అధికారం ఏం చేయగలదో బెజవాడ కథలో ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఎందుకంటే అక్కడ భార్య కల్పిత పాత్ర కాదు. 1988 డిసెంబర్ 26న వంగవీటి మోహనరంగా హత్యకి గురయ్యారు. మరుసటి ఏడాదే ఆయన భార్య రత్నకుమారి విజయవాడ తూర్పు నుంచి శాసనసభకి ఎన్నికయ్యారు. 2016లో రాంగోపాల్ వర్మ తీసిన ‘వంగవీటి’ రంగా హత్యతో ముగుస్తుంది. మగవాడు పోయాడు కాబట్టి కథ అయిపోయింది! ఆమె రాజకీయ జీవితం మొదలైందే అక్కడ. ఆమెతో మనం ఏకీభవిస్తామా లేదా అన్నది వేరే సంగతి. చంపడం, చావడం మాత్రమే చరిత్ర అవుతుందా, ఆ తర్వాత బతకడం చరిత్ర కాదా అన్నదే నా ప్రశ్న.

‘గ్యాంగ్‌స్టర్ సినిమా లక్షణమే అంత, అందులో ఆడవాళ్లకి చోటెక్కడ?’ అనే వాదన ఒకటుంది. 1980 నాటి బ్రిటిష్ సినిమా ‘ది లాంగ్ గుడ్ ఫ్రైడే’ కూడా తక్కువ ఖర్చుతో తీసిన గ్యాంగ్‌స్టర్ సినిమానే. అందులో దాదా సహచరి విక్టోరియాగా నటించిన హెలెన్ మిరెన్, మొదట రాసిన పాత్ర ఉత్త అలంకారంగా ఉందని పట్టుబట్టి మార్పించుకుంది. తెర మీద విక్టోరియా ఆలోచిస్తుంది, పరిస్థితిని చక్కబెడుతుంది, దాదాని నిలదీస్తుంది. దానివల్ల సినిమా చెడిపోలేదు, బలపడింది. అదే లండన్ నేపథ్యంతో 1998లో వచ్చిన చిన్న సినిమా ‘లాక్, స్టాక్ అండ్ టూ స్మోకింగ్ బారెల్స్’లో ఆడమనిషి దాదాపు కనబడదు. కాబట్టి ఇది లక్షణం కాదు, ఎంపిక.

మనలోనూ చాలామందిమి ఇలాంటి సినిమాల్ని చూడకుండానే ‘చెత్త’ అని పక్కన పెట్టేస్తాం. అది తెలియకుండానే ‘ఫ్యామిలీతో చూడలేం’ అనేవాళ్ల పక్కన నిలబడటమే. సహజత్వాన్ని నిర్వచించే హక్కుని వాళ్లకే వదిలేయడం. కత్తిపోటు సహజమైతే ఆస్పత్రి వరండాలో కూర్చున్న భార్య సహజం కాదా? కోర్టు వాయిదాలకి తిరిగే తల్లి, ఆ తిరుగుళ్ల కోసం చుట్టే వేల బీడీలు సహజం కావా? ఇవేవీ లేని సినిమాని ‘నేచురల్’ అని పొగిడేవాళ్లని ఇకనైనా నిలదీయాలి. అందుకు ముందు మనం ఈ సినిమాల్ని చూడాలి, చూసి రాయాలి.