మెయింటెనెన్స్ బాలేదని కారు క్లెయిమ్ కొట్టేస్తే అక్కడితో అయిపోయినట్టేనా?

పటాన్‌చెరు నుంచి ఇస్నాపూర్, రుద్రారం మీదుగా సంగారెడ్డి దాకా రోజూ కారులో తిరిగేవాళ్లకు ఈ సంగతి తెలిసిందే. కంటైనర్ లారీ వెనక పోతుంటే ముందున్న గుంత కనిపించదు. కింద ఢాం అని శబ్దం వస్తుంది. ఆయిల్ చాంబర్ పగిలిందా, రాయి తగిలి ఊరుకుందా అన్నది అప్పటికప్పుడు తెలియదు. కొంచెం దూరం పోయాక ఇంజిన్ పట్టేస్తుంది. షోరూంలో లక్ష దాటిన ఎస్టిమేట్ చేతిలో పెడతారు. ఆ తర్వాత బీమా కంపెనీ నుంచి మెయిల్ వస్తుంది: బండిని సరిగా మెయింటెయిన్ చేయలేదు, ఇది అరుగుదల వల్ల వచ్చిన నష్టం, క్లెయిమ్ ఇవ్వలేం.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. 'కంపెనీతో మనమెక్కడ కొట్లాడతాం' అనుకుని అప్పో సప్పో చేసి బిల్లు కట్టేస్తారు. కానీ ఆ మెయిల్ తుది తీర్పు కాదు. అది ఒక పక్షం చెప్పిన మాట మాత్రమే.

కంపెనీలు సాధారణంగా పాలసీలోని రెండు మాటలను పట్టుకుంటాయి. ఒకటి మినహాయింపు: అరుగుదల, మెకానికల్ లేదా ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్, ఒక నష్టం వెనక వచ్చే మరో నష్టం పాలసీ కిందికి రావు. రెండోది షరతు: బండిని మంచి కండిషన్‌లో ఉంచాలి, దెబ్బ తగిలాక రిపేరు చేయకుండా నడిపితే పెరిగిన నష్టం ఓనర్‌దే. రెండూ పాలసీలో ఉన్న మాటలే. అయితే ఆ మాటలు ఈ నష్టానికి వర్తిస్తాయని చూపాల్సింది ఎవరు? మినహాయింపు చూపి డబ్బు ఆపేటప్పుడు దాన్ని రుజువు చేసే బాధ్యత కంపెనీదేనని సుప్రీంకోర్టు ఒకసారి కాదు, పలుసార్లు చెప్పింది.

2003లో ఓరియంటల్ ఇన్సూరెన్స్ కేసు ఒకటి ఇక్కడ పనికొస్తుంది. ఒక వాహనం మంటల్లో కాలిపోయింది. డ్రైవర్‌కు సరైన లైసెన్స్ లేదని కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. మంట మెకానికల్ లోపం వల్ల వచ్చింది, డ్రైవర్ తప్పు వల్ల కాదు, కాబట్టి ఆ కారణంతో క్లెయిమ్ ఆపడం కుదరదని సుప్రీంకోర్టు అంది. అంటే లోపం ఉందని చెబితే సరిపోదు, ఆ లోపం వల్లే నష్టం జరిగిందని చూపాలి. సర్వీస్ మూడు నెలలు లేటయింది నిజమే అనుకుందాం. దానికీ రోడ్డు మీది రాయి తగిలి చాంబర్ పగలడానికీ సంబంధం ఏమిటి?

సర్వేయర్ రిపోర్టు చూసి భయపడేవాళ్లూ ఉన్నారు. 2009లో న్యూ ఇండియా అష్యూరెన్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ రిపోర్టు ముఖ్యమే గానీ చివరి మాట కాదని స్పష్టం చేసింది. 2019లో సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో ఇంకో మాట చెప్పింది: తిరస్కరణ లెటర్‌లో రాయని కారణాన్ని కంపెనీ తర్వాత కోర్టులో కొత్తగా తేలేదు. అందుకే ఫోన్‌లో 'రిజెక్ట్ అయింది సార్' అంటే ఒప్పుకోకూడదు. ఏ క్లాజు, ఏ కారణం అన్నది రాతపూర్వకంగా అడగాలి. సర్వే రిపోర్టు కాపీ కూడా అడిగి తీసుకోవాలి.

లెక్క దగ్గర ఒక అన్యాయం కనిపిస్తుంది. జీరో డెప్ లేని ఆరేళ్ల చిన్న కారు తీసుకుందాం. మెటల్ పార్టులు 60,000 రూపాయలు, రబ్బరు, ప్లాస్టిక్ పార్టులు 10,000 అయ్యాయి. అయిదేళ్లు దాటిన కారుకు మెటల్ మీద 40 శాతం తరుగు, అంటే 24,000 పోతుంది. రబ్బరు, ప్లాస్టిక్ మీద సగం, 5,000 పోతుంది. తప్పనిసరిగా ఓనర్ భరించాల్సింది ఇంకో 1,000. 70,000లో చేతికొచ్చేది 40,000. బండి పాతబడిందని ఇంత కోత ఇప్పటికే పెట్టాక, ప్రమాదంలో విరిగిన పార్టుకు మళ్లీ 'పాతది, అరిగింది' అని మొత్తం ఎగ్గొట్టడం ఒకే కారణానికి రెండుసార్లు కోయడమే. ఆరోగ్య, జీవిత బీమా వ్యక్తిగత పాలసీలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు. కారు బీమా మీద మాత్రం 18 శాతం అలాగే కడుతున్నాం.

అన్ని తిరస్కరణలూ తప్పు అని కాదు. ఎక్కడా తగలకుండా, నీళ్లలో దిగకుండా ఇంజిన్ దానంతటదే ఆగిపోతే అది బ్రేక్‌డౌన్, మామూలు పాలసీలో రాదు. ఆయిల్ లైటు వెలిగాక కూడా నడిపితే చాంబర్‌కు డబ్బిచ్చి ఇంజిన్‌కు ఇవ్వకపోవడానికి కంపెనీకి గట్టి కారణం దొరుకుతుంది. నీళ్లు నిండిన రోడ్డులో ఆగిన బండిని మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టడమూ అంతే. ఇంజిన్‌లోకి నీళ్లు చేరితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ ఉన్నదీ లేనిదీ అప్పుడు చూసుకుంటే లాభం లేదు. ఇక థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే సొంత కారు నష్టానికి అసలేమీ రాదు.

'నిన్ననే తగిలిందని చెప్పు, సర్దేస్తాం' అనే ఏజెంట్లూ ఉంటారు. అబద్ధం బయటపడితే నిజమైన నష్టం కూడా పోతుంది. హలాల్ సంపాదన గురించి మాట్లాడే ఇళ్లలో ఇది వేరే చెప్పనక్కర్లేదు. బీమా మీద ఉలమాల అభిప్రాయాలు వేర్వేరుగా ఉన్నా, చట్టం కోసమో లోన్ కోసమో మజ్బూరీగా కట్టినవాళ్లు కూడా ఒప్పందం ప్రకారం రావాల్సింది అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

చేతిలో ఉండాల్సినవి కొన్నే. దెబ్బ తగిలిన చోట ఫొటోలు, టోయింగ్ బిల్లు, సర్వీస్ జాబ్ కార్డులు. షోరూంకు పోకుండా తెలిసిన భాయ్ దగ్గరే ఆయిల్ మార్పించేవాళ్లకు బిల్లులు ఉండవు. అయినా ఫోన్‌పే చెల్లింపులు, ఆయిల్, ఫిల్టర్ కొన్న షాపు రసీదులు, మెకానిక్ రాసిచ్చిన కాగితం కూడా సాక్ష్యమే. మెకానిక్ భాయ్‌లు కూడా ఒక చిన్న బిల్లు బుక్ పెట్టుకుంటే గిరాకీలకు మేలు చేసినవాళ్లవుతారు. సర్వే కాకముందే రిపేరు మొదలుపెట్టొద్దు. తీసేసిన పార్టులను గొడవ తేలేదాకా కబాడీకి వేయొద్దు, వేరే ఇంజినీర్‌కు చూపించాలంటే అవే కావాలి.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జూన్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ను పెట్టాలి, 15 రోజుల్లో రిపోర్టు రావాలి, ఆ తర్వాత 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. తిరస్కరిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. 155255 నంబరుకు గానీ బీమా భరోసా పోర్టల్‌లో గానీ కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. నెలలో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. ఆఫీసు లక్డికాపూల్ ఏసీ గార్డ్స్‌లోని మొయిన్ కోర్ట్‌లో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా ఇప్పించే అధికారం ఉంది.

ఇంకో దారి వినియోగదారుల కమిషన్. ఓనర్ ఉండే చోటే కేసు వేయొచ్చు కాబట్టి పటాన్‌చెరు వాళ్లకు సంగారెడ్డి జిల్లా కమిషన్ సరిపోతుంది, ముంబైలోని కంపెనీ హెడ్డాఫీసు వెంట తిరగాల్సిన పని లేదు. కట్టిన ప్రీమియం 5 లక్షల లోపు అయితే ఫీజు ఉండదు. ఫ్యాక్టరీ షిఫ్టులకు క్యాబ్ తిప్పుకునేవాళ్లను 'మీది బిజినెస్ బండి' అని పంపేయడం కుదరదు. వ్యాపారి తీసుకున్న బీమా అయినా ఆయన వినియోగదారుడు కావొచ్చని 2023లో హర్సోలియా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

కమిషన్‌లో కేసు నడుస్తుండగా ఆంబుడ్స్‌మన్ అదే ఫిర్యాదు తీసుకోరు, అందుకే చిన్న మొత్తాలకు ముందు ఆంబుడ్స్‌మన్‌నే చూసుకోవడం నయం. అక్కడికి పోవడానికి కంపెనీ తిరస్కరించిన నాటి నుంచి ఏడాది గడువు, కమిషన్‌కు రెండేళ్లు. ఆ మెయిల్ తేదీని పాలసీ కాగితం మీదే రాసి పెట్టుకోవాలి.