మన నేలకు మన మాటలు కరువా?

ఏ ఏడాది ఉగాది సంచికైనా తీసి చూడండి. గోదావరి మీద రెండు కవితలుంటాయి, కోనసీమ కొబ్బరితోటల మీద ఒకటి, తిరుమల కొండల మీద ఒకటి. రాసినవారి ఊర్లు చూస్తే కోవిల్పట్టి, సాత్తూరు, విరుదునగర్, రాజపాళయం. వీరిలో చాలామంది గోదావరిని రైలు కిటికీలోంచి చూసినవారే. కొందరు అదీ చూడలేదు. అయినా కలం పట్టగానే ఆ నదే పారుతుంది. ఊరి పక్కనున్న వైప్పారు ఒక్క పాదంలోనూ కనబడదు.

గోదావరి మనది కాదని నేననను. తెలుగు చదివిన ప్రతివాడికీ ఆ నది మీద హక్కుంది. నా అభియోగం వేరు. భాషను కాపాడుకోవాలని సభలు పెట్టి గొంతు చించుకునే మనం, ఆ భాష ఇన్ని వందల ఏళ్ళు నిలబడిన నేలను ఆ భాషలో రాయడం లేదు. మన కరిసల్ నేల, మన మెట్ట చేలు, మన పిట్టలు, మన పడమటి కొండలు మన తెలుగులో లేవు. ఇది ఎవరో చేసిన అన్యాయం కాదు. మనం చేస్తున్నదే.

నేను కామర్సు చదివి బ్యాంకులో చేరినవాణ్ణి, సాహిత్యం నా వృత్తి కాదు. కాని పంట అప్పుల పని మీద ఈ రెండు జిల్లాల పల్లెలు తిరిగినవాణ్ణి. మా దరఖాస్తులో నేలకు రెండే పేర్లు: నంజై, పుంజై. తర్వాత సర్వే నంబరు, విస్తీర్ణం, పంట పేరు, అడిగిన మొత్తం. బ్యాంకుకు అది చాలు. భాషకు చాలదు. చేలో కలుపు తీసే పెద్దావిడను అడిగితే గరిక, తుంగ, గురుగు, పల్లేరు అని వేలు పెట్టి చూపిస్తుంది. పక్కనే నిలబడ్డ మనవరాలికి అవన్నీ ‘పుల్లు’. నాలుగు పేర్లు ఒక్కటిగా మారడానికి రెండు తరాలు సరిపోయాయి.

“ఇక్కడ రాయడానికేముందండీ? ఎండ, కంప, అగ్గిపెట్టెల గోడౌను” అంటారు మిత్రులు. ఏముందో చెబుతాను, వినండి.

పడమట కొండలున్నాయి. శ్రీవిల్లిపుత్తూరు అడవిలో బూడిదరంగు పెద్ద ఉడుత కోసం 1988లో అభయారణ్యం ఏర్పడింది. 2021 ఫిబ్రవరిలో దాన్ని మేఘమలైతో కలిపి దేశంలో 51వ పులుల అభయారణ్యంగా ప్రకటించారు. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైబడిన అడవి అది. ఏనుగులున్నాయి, పులులున్నాయి, తమిళనాడు రాష్ట్ర జంతువైన వరైయాడు ఉంది. ఆ కొండలు పడమటి వానను ఆపి కేరళకే పోస్తాయి. మనకు ఆషాఢంలో దక్కేది గాలి మాత్రమే. కయత్తారులో గాలిమరలు తిరిగేది ఆ గాలికే. మన వాన ఆశ్వయుజ, కార్తీకాల్లో తూర్పు నుంచి రావాలి. అది వచ్చేలోగానే పొడి దుక్కిలో విత్తనం వేసి, ఆకాశాన్ని నమ్ముకుని కూర్చునే సేద్యం మనది.

నేల సంగతి చూడండి. వేసవిలో కాలు దిగేంత నెర్రెలు వాసే ఈ నల్లమట్టి వాన పడితే చెప్పు ఊడబెరుకుతుంది. ఈ మట్టిని చదవడానికి 1901లోనే కోవిల్పట్టిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం పెట్టారు. అక్కడ పుట్టిన పత్తి రకాలకు ఆ ఊరి మొదటి అక్షరం ‘కె’యే పేరు. ఎర్ర మచ్చల వేంబూరు గొర్రె, కుందేలును తరిమి పట్టే చిప్పిప్పారై కుక్క ఇక్కడివే. 2005లో తపాలా బిళ్ళ మీదికెక్కిన రాజపాళయం కుక్క కూడా ఇక్కడిదే. వల్లనాడులో 1987 నుంచి కృష్ణజింకలకు అభయారణ్యం ఉంది. ఆ జింకను తమిళంలో ‘ఇరలై’ అంటారు, మన పాత తెలుగులో ‘ఇర్రి’. రెండూ ఒకే వేరు నుంచి వచ్చిన మాటలు. తమిళ పిల్లవాడు పాఠంలోనైనా ఇరలైని కలుసుకుంటాడు. మన పిల్లవాడికి ఇర్రిని చెప్పేదెవరు?

ఇంకొక మాట. తెలుగు కావ్యాల్లో పల్లె బతుకును అత్యంత దగ్గరగా చూపినదేదంటే పండితులు ‘ఆముక్తమాల్యద’ పేరు చెబుతారు. శ్రీకృష్ణదేవరాయలు పదహారో శతాబ్దంలో రాసిన ఆ కావ్యం కథ జరిగేది ఎక్కడ? మన శ్రీవిల్లిపుత్తూరులో. తెల్లవారుజామున కాలువ ఒడ్డున తల రెక్కల్లో దాచుకుని నిద్రపోయే బాతులను చూసి, స్నానం చేసిన బ్రాహ్మణులు పిండి మరిచిపోయిన బట్టల ముద్దలనుకుని కావలివాళ్ళు తీయడానికి దిగితే, అవి లేచిపోతాయి. చేను కాసే పడుచులు పకపకా నవ్వుతారు. ఆ బాతులు ఏ ఊరివో గమనించారా? విల్లిపుత్తూరువి. అంటే విరుదునగర్ జిల్లా నీళ్ళ మీది పక్షులకు తెలుగు సాహిత్యంలో అయిదు వందల ఏళ్ళ నాడే చోటు దొరికింది. విజయనగరంలోని రాజుకు కనబడిన బాతులు, ఆ ఊరి బస్టాండులో రోజూ దిగే మనకు కనబడవు. దీనికి ఏ ప్రభుత్వాన్ని నిందిద్దాం?

“కి. రా. రాశారు కదా” అంటారు. రాశారు. ఇడైసెవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు. అదే ఊళ్ళో అదే ఏడాది పుట్టిన కు. అళగిరిసామిదీ అంతే. ఇద్దరికీ సాహిత్య అకాడమీ పురస్కారాలు వచ్చాయి. కి. రా. ‘గోపల్ల గ్రామం’లో మన పూర్వులు దక్షిణానికి వలస వచ్చి, అడవిని కాల్చి చేను చేసుకున్న కథ చెప్పారు. కరిసల్ పల్లెల నోటి మాటలను ఏరి నిఘంటువు కూర్చారు. 2021లో ఆయన కన్నుమూస్తే ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. కోవిల్పట్టిలో స్మారక మందిరం కట్టారు. ఇదంతా తమిళానికి ఆయన చేసిన సేవ, తమిళం ఆయనకిచ్చిన గౌరవం. అందులో మనం గర్వపడటానికి ఉంది గాని, మన వాటా పని పూర్తయిందని చేతులు దులుపుకోవడానికి లేదు. ఆయన నేర్పిన పాఠం ఒకటే: చదువుకున్నవారి భాష కోసం ఎదురుచూడక, ఊళ్ళో ఉన్న మాటను ఉన్నట్టే కాగితం మీద పెట్టడం. ఆ పని తెలుగులో మనం మొదలైనా పెట్టామా?

మొదలుపెట్టకపోవడానికి మనం చెప్పే కారణాలు రెండు. మొదటిది, “మా తెలుగు కలగాపులగం. ఆంధ్రావాళ్ళు నవ్వుతారు.” నవ్వనివ్వండి. పులికాట్ సరస్సు దిబ్బల మీది బతుకును అక్కడి యాసలోనే స. వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’గా రాస్తే ఆంధ్ర పాఠకులు నవ్వలేదు, నెత్తిన పెట్టుకున్నారు. కౌజును కొందరు కౌదారి అంటారు, పూరేడును కాడై అంటారు. తమిళ మాటే మిగిలి ఉంటే ఆ మాటే రాయండి. వాక్యం తెలుగైతే చాలు. చూడని నదిని శుద్ధ గ్రాంథికంలో వర్ణించడం కంటే, చూసిన పిట్టను కలగలుపు తెలుగులో చెప్పడమే నిజమైన భాషాసేవ.

రెండోది, 2006 చట్టం. నిజమే, ఆ చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. ఏడాదికొక తరగతి చొప్పున 2015–16కు పదో తరగతి దాకా వచ్చింది. మైనారిటీ భాషల పిల్లలు కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఆ పోరాటం చేయాల్సిందే, నేను కాదనను. కాని ఇంటి ముంగిట వాలిన పిట్టను తెలుగులో పిలవవద్దని ఏ చట్టం చెప్పింది? అన్నం పెడుతూ ఇవి సజ్జలమ్మా, ఇవి కొర్రలమ్మా అనడానికి ఏ జీవో అడ్డం వచ్చింది? బడిలో పోయిన దానికి కోర్టుకు వెళ్దాం. ఇంట్లో పోయిన దానికి ఎక్కడికి వెళ్దాం?

ఇక అసలు చేదు మాట. ఈ నేల మాటలు ఎవరి దగ్గర ఉన్నాయి? సంఘం సభల్లో ముందు వరుస కుర్చీల్లో కూర్చునే మన దగ్గర లేవు. గొర్రెలు తోలేవారి దగ్గర, కలుపు తీసే ఆడవాళ్ళ దగ్గర, కపిలకు తోలుతిత్తి కుట్టిన అరుంధతీయుల వృద్ధుల దగ్గర ఉన్నాయి. అరుంధతీయుల ఇళ్ళలో ఇవాళ్టికీ తెలుగు వినబడుతోంది. మన సంఘాల సభ్యుల పట్టీలో వారి పేర్లెన్ని? మన పత్రికలో వారి కథలెన్ని? తెలుగువారంటే నాయుళ్ళు, రెడ్లు, రాజులు అని మాత్రమే అనుకున్నన్నాళ్ళూ మన నిఘంటువులో సగం పుటలు ఖాళీగానే ఉంటాయి.

తొందరెందుకంటే, వస్తువుతోపాటే మాటా పోతుంది. పంపుసెట్టు వచ్చి కపిల పోయింది, ఆ పనిలోని పేర్లూ పోయాయి. సజ్జ, వరిగ వేసిన చేలల్లో ఇవాళ మొక్కజొన్న నిలబడి ఉంది. 2018లో దానికి కత్తెర పురుగు కొత్తగా వచ్చింది. రాత్రయితే అడవి పందులు వస్తున్నాయి. గొడుగులా పరచుకుని మేకలకు కాయనిచ్చే ఉడైచెట్టు ఉన్న బీళ్ళను కంప కప్పేసింది. ఆంధ్రలో సర్కారు తుమ్మ అనే ఆ చెట్టును మనవైపు వేలికాత్తాన్ అంటారు. 2017లో హైకోర్టు మదురై ధర్మాసనం దాన్ని కొట్టేయమంది. దాని బొగ్గు కాల్చి బతికే కుటుంబాలూ ఉన్నాయి. ఇంత పెద్ద వ్యవహారం మన కళ్ళ ముందు జరుగుతుంటే మన పత్రికలో ఒక్క వ్యాసం లేదు, సన్మాన వార్తలు మాత్రం నాలుగు పుటలున్నాయి.

సంపాదకులకు నా విన్నపం. ఆ నాలుగింటిలో ఒక పుట తగ్గించండి. దానికి ‘మన నేల’ అని పేరు పెట్టండి. నెలకొక చెట్టు, పిట్ట, పనిముట్టు లేదా పంట. దాని పేరు ఏ ఊళ్ళో ఏమంటారు, దేనికి పనికొస్తుంది, ఇప్పుడు ఉందా పోయిందా అని పది వాక్యాలు చాలు. చెప్పినవారి పేరు కింద అచ్చువేయండి, వారు గొర్రెల కాపరి అయినా సరే, ముఖ్యంగా అప్పుడే. తెలుగు చదవలేని పిల్లలకు పెద్దలు చదివి వినిపించాలి.

పాఠకులకూ ఒక మాట. మీ ఇంట్లో, మీ వీధిలో డెబ్బయ్యేళ్ళు దాటినవారు ఒక్కరైనా ఉంటారు. ఈ ఆదివారం వారి దగ్గర కూర్చుని పది పేర్లు అడిగి రాసుకోండి. వచ్చే ఆదివారానికి వాయిదా వేయకండి.