మాటను గాదు, దస్త్రమును జూడుడు

ఎన్నికలు వచ్చినప్పుడెల్ల సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వీధులలో ఒక్కతీరు సందడియే. మైకులు మ్రోగును, కండువాలు మారును, వాగ్దానములు వానచినుకులవలె రాలును. వడ్లకు గిట్టుబాటు ధర యిప్పించెదమని యొకరు, కాలువ చివరి భూములకు నీరు దెచ్చెదమని యొకరు, ఇంటికొక యుద్యోగమని మరియొకరు చెప్పెదరు. వినువారు చప్పట్లు గొట్టి యింటికి బోయెదరు. ఆ చెప్పిన మనుష్యుడు పన్నునుగూర్చి, భూమినిగూర్చి, కూలినిగూర్చి, సర్కారు సొమ్మునుగూర్చి నిజముగా నేమి తలంచుచున్నాడో విచారించువారు మాత్రము అరుదు. విచారించుటకు వలసిన సాధనములు మనకందుబాటులోనే యున్నవి. వానిని ముట్టుకొనకుండుటయే మన లోపము.

వకీలు వృత్తివలన మాకొక అలవాటు గలిగినది. సాక్షి నోటిమాటకంటె అతడే సంతకము చేసిన కాగితమునకు మేము హెచ్చు విలువ నిత్తుము. రెండెకరముల తగాదాలో పహాణీ చూడనిదే అడుగు వేయని మన రైతు, అయిదేండ్లపాటు తన రాష్ట్రపు బడ్జెటుపై చేయి యెత్తబోవు ప్రతినిధిని ఎన్నుకొనునప్పుడు ఒక్క కాగితమైనను చూడకపోవుట వింత గాదా?

ఈ హక్కు మనకు ఊరక రాలేదు. నిజాము ఏలుబడిలో గస్తీ నిషాన్ 53 ప్రకారము సభ జరుపుకొనుటకే సర్కారు అనుమతి కావలసియుండెను. 1941లో చిలుకూరున రావి నారాయణరెడ్డిగారి యధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగిననాటికి సామాన్యునకు వోటు లేదు. 1952లో వోటు వచ్చెను. అభ్యర్థి యాస్తిపాస్తులను తెలిసికొను హక్కు మాత్రము మరి యేబదేండ్లకు గాని రాలేదు. 2002 మే 2న సుప్రీంకోర్టు ఆ హక్కును గుర్తించెను. దానిని కుదించుటకు పార్లమెంటు చేర్చిన 33-బి సెక్షనును 2003 మార్చి 13న అదే న్యాయస్థానము కొట్టివేసెను.

మన జిల్లావారు మరియొక మార్గమును గూడ పరీక్షించిరి. 1996లో ఫ్లోరైడు నీటి బాధను దేశమునకు చాటుటకై నల్లగొండ లోకసభ స్థానమునకు 480 మంది నిలిచిరి. బాలెట్టు కాగితము పుస్తకమంత కాగా పోలింగే వాయిదా పడెను. ఆ సంవత్సరమే చట్టము సవరింపబడి లోకసభ అభ్యర్థి ధరావతు 500 రూపాయలనుండి 10,000 రూపాయలకు బెరిగెను. నిలిచి చెప్పు దారి పేదవానికి ఇరుకైనది. చదివి యడుగు దారి మాత్రము నేటికిని తెరచియే యున్నది.

చదువవలసిన వానిలో మొదటిది నామినేషనుతో అభ్యర్థి సమర్పించు 26వ నమూనా ప్రమాణపత్రము. అందు అతని ఆస్తులు, అప్పులు, భార్యయు ఆశ్రితులు గలిగిన యాస్తులు, అయిదేండ్ల యాదాయము, ఆదాయమార్గము, సర్కారుతో గల కాంట్రాక్టులు చూపవలయును. ఎన్నికల సంఘపు వెబ్‌సైటులో దీనిని ఎవరైనను ఫోనులోనే చదువవచ్చును. అబద్ధము వ్రాసినచో 125-ఎ సెక్షను క్రింద ఆరునెలలవరకు ఖైదు గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

అయితే ఆస్తి వేరు, అభిప్రాయము వేరు. ధనవంతుడు పేదల పక్షము వహింపవచ్చును. పేదవాడు ధనికులకు దాసుడు కావచ్చును. మిర్యాలగూడలో ఒక అభ్యర్థికి రైసుమిల్లులో వాటా యుండుట నేరము గాదు. కాని సర్కారు వడ్లను మరపట్టి బియ్యము అప్పగించు విషయమున అతడు చెప్పు మాటను ఆ సంగతి యెరిగి వినుట వోటరు ధర్మము.

రెండవది శాసనసభా చర్చల ప్రతులు. చేయెత్తిన వోటునుబట్టి మాత్రమే మనుష్యుని యభిప్రాయము నిర్ణయింపరాదు. 1985 నాటి పార్టీ ఫిరాయింపుల చట్టము తరువాత సభ్యుడు పార్టీ విప్పునకు లోబడియే వోటు చేయుచున్నాడు. ఆ వోటు పార్టీది. అతడు స్వయముగా వేసిన ప్రశ్నలు, పద్దులపై చేసిన ప్రసంగములు, మాట్లాడవలసినచోట వహించిన మౌనము, ఇవి యతనివి. సూర్యాపేటనుండి 1957లో శాసనసభకును, మిర్యాలగూడనుండి మూడు పర్యాయములు లోకసభకును ఎన్నికైన భీంరెడ్డి నర్సింహారెడ్డిగారు భూమినిగూర్చియు నీటినిగూర్చియు సభలో పలికినది నేటికిని చదువదగియున్నది. 2008 పునర్విభజనలో మిర్యాలగూడ లోకసభ స్థానమే పోయినను ఆ పుటలు పోలేదు.

మూడవది మంత్రిపదవి వహించినవారి కాలపు సర్కారు ఉత్తరువులు, బడ్జెటు సంపుటములు, కాగ్ నివేదికలు. సూర్యాపేటనుండి 2014, 2018, 2023లలో గెలిచిన జగదీశ్‌రెడ్డిగారు విద్యుచ్ఛక్తి శాఖను నిర్వహించిరి. 1999, 2004లలో కోదాడనుండి గెలిచిన ఉత్తమ్‌కుమార్‌రెడ్డిగారు 2023 డిసెంబరులో నీటిపారుదల, పౌరసరఫరాల శాఖలు చేపట్టిరి. ఇరువురును వేరు పక్షములవారు. మేమొకరిని పొగడుటలేదు, ఒకరిని తెగడుటలేదు. ఇరువురి దస్త్రములను ఒకే త్రాసులో తూచుడని మాత్రమే యడుగుచున్నాము.

నాలుగవది ఖర్చుల లెక్క. గెలిచినవాడును ఓడినవాడును ఫలితము వెలువడిన 30 దినములలో లెక్క దాఖలు చేయవలయును. ఒక్క రూపాయి రుసుము చెల్లించి యెవరైనను దానిని చూడవచ్చునని నియమము. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్లను రద్దుచేసిన పిదప మార్చిలో వెలువడిన జాబితాలు ఏ కంపెనీ యే పార్టీకి ఎంత యిచ్చెనో తెలుపును.

దస్త్రము చదివినవాడు వాగ్దానము నెట్లు పరీక్షించునో యొక్క దృష్టాంతము. శాసనసభ అభ్యర్థి వడ్ల మద్దతు ధర పెంచెదననును. 2023-24లో సాధారణ రకము వడ్లకు క్వింటాలునకు 2,183 రూపాయలని నిర్ణయించినది కేంద్ర ప్రభుత్వము. రాష్ట్రము చేయగలిగినది బోనసు ఇచ్చుట, కొనుగోలు కేంద్రములు తెరచుట, డబ్బు వేళకు చెల్లించుట. కావున అభ్యర్థి నడుగవలసిన ప్రశ్న ఇది: “బోనసునకు సొమ్ము ఏ పద్దునుండి తెచ్చెదరు? దేనిని తగ్గించెదరు?” దీనికి బదులు చెప్పలేనివానికి ఆర్థికాభిప్రాయము లేదనియే మా తలంపు.

క్రొత్తగా నిలుచువానికి దస్త్రమెక్కడిదని కొందరందురు. అతడు సర్పంచిగనో, మునిసిపలు కౌన్సిలరుగనో, సహకార సంఘము డైరెక్టరుగనో పనిచేసియున్నచో ఆ తీర్మానముల పుస్తకమే యతని దస్త్రము. పంచాయతి, మునిసిపాలిటీ కాగితములను 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద అర్జీపెట్టి కోరవచ్చును. 30 దినములలో బదులు రావలయును. ఏ పదవియు చేయనివానిని సభలోనే యడిగి, చెప్పినది తేదీతో వ్రాసి యుంచుడు. అదియే మొదటి పుట యగును.

చిక్కు గడువులో నున్నది. 2023లో మన రాష్ట్రమున నామినేషనులు నవంబరు 10న ముగిసెను, పోలింగు 30న జరిగెను. ఇరువది దినములలో ఇంత చదువు సాగదు. కావున ఈ పని ఎన్నికలు లేనినాడే మొదలిడవలయును. మూడు పట్టణముల గ్రంథాలయములలోను ప్రతి ప్రతినిధి పేరిట, ప్రతి ప్రత్యర్థి పేరిట ఒక్కొక్క కట్ట యుండవలయును. అందు మూడే భాగములు: చెప్పినది, చేసినది, కలిగినది. కులము, ఇంటి రహస్యములు, వీధి వదంతులు అందు చేరరాదు. కాగితము చూపలేని మాట ఎవరిపైనను వ్రాయరాదు. చదువుకొన్న యువకులు వారమునకొక సాయంకాలము దీనికి వెచ్చించినచో చాలును.

మైకు చప్పుడు పోలింగునకు రెండు దినముల ముందే ఆగిపోవును. బడ్జెటు మాత్రము అయిదేండ్లు మన పొలములపైనను, మన పిల్లల బడులపైనను, మన ఆసుపత్రులపైనను నడచును. పాఠక మహాశయులు ఈసారి చప్పట్లు కొట్టుటకు ముందు కట్ట విప్పి చూతురు గాక!