లెక్కలోకి రానివారికి వాటా లేదా?

2019 ఫిబ్రవరి 17న తొమ్మిది మండలాలతో ములుగు జిల్లా ఏర్పడింది. 2011 జనగణన ప్రకారం జనాభా మూడు లక్షల లోపే. అత్యధికులు పల్లెవాసులు, ఆదివాసులు గణనీయంగా ఉన్నారు. పరిపాలన ప్రజల ముంగిటికి వస్తుందన్నారు. కలెక్టరేటు దగ్గరైన మాట నిజమే. కాని ఆ జిల్లా తన పుట్టుకకు ఎనిమిదేళ్ల ముందరి లెక్కలతో బతుకు మొదలుపెట్టింది. 2021లో జరగవలసిన జనగణనను 2027కు నెట్టారు.

ఇటువంటి జిల్లాలో అక్కడక్కడ కొద్ది ఇళ్లుగా చెదిరి ఉన్న ముస్లింల గతి ఏమిటి? ప్రధానమంత్రి జన వికాస్ కార్యక్రమం మైనారిటీలు 25 శాతానికి మించిన ప్రాంతాలనే చూస్తుంది. చెదిరి ఉన్నంత మాత్రాన పేదరికం తగ్గుతుందా? మేము ఆదివాసుల వాటా అడగడం లేదు. మా వాటా అడుగుతున్నాము.

ప్రభుత్వ కార్యాలయంలో జీవితమంతా గుమాస్తాగా పనిచేసినవాడిని. దస్త్రంలో అంకె లేని మనిషికి బడ్జెట్టులో పద్దు ఉండదని ఎరుగుదును.

2006 నాటి 15 సూత్రాల కార్యక్రమం జిల్లా స్థాయి కమిటీ ఉండాలన్నది. మీ జిల్లాలో అది చివరిసారి ఎప్పుడు సమావేశమైంది? మైనారిటీ సంక్షేమాధికారి పూర్తికాలపు వారా, అదనపు బాధ్యతల వారా? సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వవలసిందే. జనగణన సిబ్బంది వచ్చిననాడు పసిబిడ్డతో సహా ఇంటిలోని ప్రతి ఒక్కరినీ రాయించండి. సంఖ్య తక్కువైతే హక్కు తక్కువ కాదు. కాని మౌనంగా ఉన్నవారి హక్కును ఏ దస్త్రమూ తనంతట తాను గుర్తించదు.