మూగబోయిన హారను

సినిమాల్లో హీరోగారి కారు హారను మొరాయించగా ఎప్పుడైనా చూశారా? చూసి ఉండరు! కారు గేటు ముందు ఆగీ ఆగకముందే "భోం భోం" మంటుంది, వాచ్‌మన్ పరుగెత్తుకొస్తాడు. అసలు రహస్యమేమంటే, మనం వినే ఆ మోత చాలాసార్లు ఆ కారుది కానే కాదు. షూటింగయ్యాక రికార్డింగ్ థియేటర్లో ఎఫెక్ట్స్ వాళ్లు కలిపే మోత. అక్కడ బ్యాటరీ దిగిపోయే భయం లేదు, వైరు తెగే భయం అంతకన్నా లేదు.

మా జమ్మికుంట రోడ్ల మీద మాత్రం రీటేకులుండవండీ!

మా బాపు పోతూ పోతూ మాకో అంబాసిడర్ వదిలి వెళ్లాడు. మార్క్ 4. బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది గానీ, మా వేపచెట్టు కింది బండి మాత్రం ఆగలేదు. మొన్న పత్తి సీజన్లో ఓ సాయంత్రం మార్కెట్ యార్డు దారిన వస్తున్నాను. రోడ్డంతా పత్తి ట్రాక్టర్లే. ఓ ట్రాలీ చాటు నుంచి బడి సంచీ వేసుకున్న పిల్లాడొకడు ఠక్కున రోడ్డు మీదికొచ్చాడు. హారను నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు! బ్రేకు మీద నిలబడ్డాను. బానెట్టుకీ ఆ పిల్లాడికీ మధ్య జానెడు దూరం. వాడు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, బానెట్టు ఎత్తకుండానే తీర్పు చెప్పేశాడు. "హారన్ ఖతమైందన్నా. కొత్తది ఏద్దాం, పాటలు పాడేది!"

రాగాలు తీసే హారన్లు మామూలు కార్లకు పెట్టడం 1989 నాటి మోటారు వాహనాల నియమాల ప్రకారం నేరం. అదలా ఉంచండి, పాతది పారేయడానికి అమ్మే ఒప్పుకోలేదు. "మీ బాపు మూలమలుపు కాడ ఆ హారన్ కొడితెనే నేను పొయ్యి మీద ఎసరు పెడుదును. దాన్నెట్ల పారేస్తవ్ రా?" అంది.

ఇక లాభం లేదని, స్టేషన్ దగ్గర వైరింగు పని చేసే కాకాను పిలుచుకొచ్చాను. బాపుకి పాత దోస్తు. ఆయన వెంట తెచ్చింది ఓ టెస్టు బల్బూ, మూరెడు వైరు ముక్కా. అంతే! "మూగదైతే ముందుగాల గొంతు చూడొద్దు బిడ్డా, తొవ్వ చూడాలె" అన్నాడు.

ముందు ఫ్యూజు చూశాడు. బాగానే ఉంది. (పోతే అదే కొలతది వేయాలి సుమా! సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టే ఘనులున్నారు. అప్పుడు ఫ్యూజుకు బదులు వైరింగు కాలుతుంది, దాని వెంట కారూ!)

తర్వాత నన్ను బటను నొక్కమన్నాడు. బానెట్టు కింద రిలే "టక్" మంది. అంటే బటను మంచిదే, స్టీరింగు విప్పే పని తప్పింది. ఆ టక్కు వినపడకపోతే బటనూ, దాని వైరూ, రిలే చూసుకోవాలి.

మూడోది, టెస్టు బల్బు ఒక కొస బ్యాటరీ మైనస్‌కీ, రెండో కొస హారను వైరుకీ పెట్టి మళ్లీ నొక్కమన్నాడు. బల్బు వెలిగింది. కరెంటు హారను గుమ్మం దాకా వస్తోందన్నమాట. మరి మోగదేం?

హారను కడుపులో ఓ తీగచుట్ట, పల్చటి ఉక్కు రేకు, చిన్న పాయింట్లు ఉంటాయి. కరెంటు రాగానే తీగచుట్ట అయస్కాంతమై రేకుని లాగుతుంది. లాగగానే పాయింట్లు విడిపోయి కరెంటు ఆగుతుంది, రేకు వెనక్కొస్తుంది, పాయింట్లు మళ్లీ కలుస్తాయి. సెకనుకి కొన్ని వందలసార్లు ఇలా ఊగితే మనకి "భోం"! అయితే వచ్చిన కరెంటు తిరిగి వెళ్లడానికీ దారుండాలి. మా కారులో ఆ దారి హారనుని బిగించిన ఇనుప పట్టీయే. దాని బోల్టు కింద తుప్పు!

కాకా వైరు ముక్కతో హారను ఒంటినీ బ్యాటరీ మైనస్‌నీ కలిపి "కొట్టు" అన్నాడు. "భోంయ్!" వేపచెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి. బోల్టు విప్పి, ఎమరీ పేపరుతో తుప్పు రుద్ది మళ్లీ బిగించాడు. గొంతు కాస్త బొంగురుగా ఉంటే వెనక స్క్రూ పావు చుట్టు తిప్పాడు. "జాస్తి తిప్పితే పాయింట్లు కాలిపోతయ్" అని హెచ్చరిక కూడా చేశాడు.

మళ్లీ గట్టిగా కొట్టాను. అమ్మ గబగబా గుమ్మంలోకొచ్చింది. కాసేపు కారు వంకే చూసి, "లోపలికి రాండ్రి, చాయ్ పెడ్త" అని వెళ్లిపోయింది.

కుర్రకారూ, మీ మోటారుసైకిలుకైనా ఇదే వరస: ఫ్యూజు, బటను, కరెంటు, ఎర్తు, అన్నిటికన్నా చివర స్క్రూ. హారను మోగడం లేదని తెలిశాక మాత్రం బండి రోడ్డెక్కించకండి. ఆ జానెడు దూరం అందరికీ మిగలదు.

బాగయ్యాక సెకండ్ షో నుంచి వస్తూ ఊరందరికీ వినిపించాలని చూడకండేం! జనం నిద్రపోతుంటారు. ఉంటా మరి!