వీధి తలుపు తీసేముందు

పాటలు తెరపై చూపేందుకు ఇంటర్నెట్ నుండి దించుకొన్న పవర్‌పాయింట్ యాడ్-ఇన్ తెరుచుకోక, బొబ్బిలిలో ఒక ఆదివారం ఉదయం మేము కంగారుపడ్డాము. కంప్యూటరు చెడిపోలేదు, కాపలా అడ్డుకొన్నదంతే. 1999లో మెలిస్సా వైరస్ వర్డ్ ఫైలులోని మాక్రో ద్వారానే ఊళ్లకు ఊళ్లు పాకింది. ఇంటర్నెట్ నుండి వచ్చిన ఫైళ్లలో మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుండి తానే ఆపివేస్తోంది.

ఫైలు ఎవరు తయారుచేశారో నమ్మకంగా తెలిస్తేనే, దానిపై మౌసు కుడి బటన్ నొక్కి, ప్రాపర్టీస్‌లో ‘అన్‌బ్లాక్’ వద్ద టిక్కు పెట్టండి. పవర్‌పాయింట్‌ను మూసి తెరచి, యాడ్-ఇన్‌ను మళ్లీ చేర్చండి. అంతేగాని ట్రస్ట్ సెంటర్‌లో అన్ని మాక్రోలకూ అనుమతి ఇవ్వకండి. సంఘపు లెక్కలు, పిల్లల ఫోటోలు అందులోనే ఉన్నాయి గదా! ఒక్క చుట్టం కోసం వీధి తలుపు రాత్రంతా తెరచి ఉంచుతామా?