ముందు నంబరు... తర్వాతే పేరు!

అక్వేరియం అద్దానికి నోటితో అతుక్కుని, పాచి గీక్కుని తినే చేపని చూసే ఉంటారు. దాని సొంతూరు దక్షిణ అమెరికా. మన వాలుగ, జెల్లల్లాగే అదీ మీసాల చేపే... కాకపోతే ఒంటిమీద ఎముక పలకలుంటాయి. లాటిన్‌లో లోరికా అంటే కవచం. అందుకే ఆ కుటుంబానికి లోరికారిడే అని పేరు. అందులో వెయ్యికి పైగా జాతులున్నాయి. అసలు చిక్కంతా అక్కడే!

1980ల్లో బ్రెజిల్‌ నదుల నుంచి ఈ కుటుంబంలోని కొత్త కొత్త చేపలు యూరప్‌ దుకాణాలకి కుప్పలుతెప్పలుగా వచ్చిపడ్డాయి. అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ ఏది ఏదో తెలీదు. దాంతో 1988లో ‘డాట్జ్‌’ అనే జర్మన్‌ అక్వేరియం పత్రిక ఓ ఉపాయం ఆలోచించింది. ఫొటో వేసి, పక్కన ఓ నంబరిచ్చేయడమే. ఎల్‌001, ఎల్‌002... ఇప్పుడా వరస 500 దాటిపోయింది.

వాటిలో ఎల్‌046ది రాజభోగం. తెల్లటి ఒంటిమీద నల్లటి చారలతో, అచ్చం జీబ్రాలా ఉంటుంది. పొడవు మహా అయితే ఎనిమిది సెంటీమీటర్లు. అమెజాన్‌కి ఉపనది అయిన షింగులో, రాళ్ల సందుల్లో ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌ జంతు మ్యూజియానికి చెందిన ఇస్‌బ్రూకర్‌, నైసెన్‌ దీన్ని పరిశీలించి 1991లో ‘హైపాన్‌సిస్ట్రస్‌ జీబ్రా’ అని నామకరణం చేశారు. పాత ప్రజాతుల్లో దేనిలోనూ ఇమడకపోవడంతో దీనికోసం ఓ కొత్త ప్రజాతినే సృష్టించాల్సి వచ్చింది!

పేరు పెట్టడానికి అంత హడావుడి ఎందుకంటారా? ఫొటో చూసి పెట్టేస్తే చెల్లదు మరి. ఏ నదిలో, ఎక్కడ దొరికిందో రాసుకుని చేపల్ని ఫార్మలిన్‌లో, ఆ తర్వాత ఆల్కహాల్‌లో భద్రపరుస్తారు. అందులో రంగులు వెలిసిపోతాయి. కాబట్టి చారల్ని నమ్ముకుంటే కుదరదు. పళ్లు ఎన్ని, ఎముక పలకలు ఎన్ని, రెక్కల్లో ముళ్లు ఎన్ని... అన్నీ లెక్కపెట్టాలి. కంటికీ ముక్కుకీ మధ్య దూరం కూడా కొలవాలి. దగ్గరి జాతుల నమూనాలు ఏ దేశపు మ్యూజియంలో ఉన్నా వాటితో పోల్చి చూడాలి. చివరికి ఒక్క చేపని ఎంచి ‘హోలోటైప్‌’గా మ్యూజియంలో పెడతారు. ఆ పేరుకి అదే సాక్ష్యం. వందేళ్ల తర్వాత ఎవరికైనా అనుమానం వస్తే ఆ సీసా మూత తీయాల్సిందే.

ఈలోపు నది ఆగదుగా! షింగు మీద బెలో మోంటే డ్యామ్‌ నిర్మాణం 2011లో మొదలై, 2016లో కరెంటు ఉత్పత్తి ప్రారంభమైంది. ‘వోల్టా గ్రాండే’ అనే పెద్ద వంపులో పారాల్సిన నీళ్లలో చాలా భాగాన్ని కాలువలోకి మళ్లించారు. జీబ్రా చేప ఇల్లు ఆ వంపే. పైగా అది పెట్టే గుడ్లు చాలా తక్కువ.

దానికో పేరుంది కాబట్టి సరిపోయింది. 2004లో బ్రెజిల్‌ తన అంతరించిపోతున్న చేపల జాబితాలో చేర్చి వేటని నిషేధించింది. దొంగ రవాణా మాత్రం ఆగలేదు. 2022లో వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్‌ రెండో అనుబంధంలోకీ ఎక్కింది. అలాంటి జాబితాల్లో ఉండేవి జాతుల పేర్లు. దుకాణం నంబర్లకి అక్కడ చోటు దొరకడం కష్టం.

అదే నదిలోని మరో రెండు చేపలకి 2025లో పేర్లొచ్చాయి. హైపాన్‌సిస్ట్రస్‌ సైడెలీ సంగతి తమాషాగా ఉంటుంది. ఒంటిమీది గీతలు ఒక్కోదానికి ఒక్కోలా ఉండటంతో వ్యాపారులు దానికి రకరకాల నంబర్లిచ్చి వేర్వేరు చేపలుగా అమ్ముకున్నారు. తీరా చూస్తే అన్నీ ఒకటే జాతి! రెండోది హైపాన్‌సిస్ట్రస్‌ యుద్జా. షింగు ఒడ్డున బతికే ఆదివాసుల పేరది.